స్లీపరు చెక్కల వేదిక

పాట రెండో చరణం సగంలో ఉండగా దేవుడమ్మ మైకు వదిలేసింది. అది సిమెంటు గచ్చు మీద పడి దొర్లింది. లౌడ్‌స్పీకరు ఒకసారి గుర్రుమని ఊరుకుంది. వేదిక మీద ఆంప్లిఫయరు పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్న జయరావుకి ప్రాణం ఉసూరుమంది. ఆ మైకుని అతను విశాఖపట్నంలో మూడు దుకాణాలు తిరిగి, నాలుగో దుకాణంలో గీసి గీసి బేరమాడి కొన్నాడు.

"ఏటయిందత్తా?" అన్నాడు.

"కరిసింది బాబూ. సెయ్యంతా జిల్లుమనేసింది," అంది దేవుడమ్మ. ఎడంచేత్తో కుడిచేతిని మోచెయ్యి దాకా రుద్దుకుంటోంది.

ఆవిడ గొంతులో నటన లేదు. జయరావుకి కోపం తెప్పించింది అదే. ఆ ఆంప్లిఫయరు కొన్నది కాదు. పాయింట్స్‌మన్ డ్యూటీ దిగి వచ్చాక ఆర్నెల్లపాటు కూర్చుని, పెద్ద బిస్కెట్ డబ్బాకి కన్నాలు పొడిచి, ట్రాన్స్‌ఫార్మరు బిగించి, ఒక్కొక్క తీగకీ టంకం పెట్టుకుంటూ సొంతంగా చేసింది. నాలుగు వారాలుగా చర్చిలో పాడుతోంది. ఇనుప గనులున్న కిరండూల్ రైల్వే కాలనీలో అలాంటి పని చేసినవాడు ఇంకొకడు లేడు.

తెలుగువాళ్ల చర్చి అంటే ఒక రేకుల షెడ్డు. రైలు పట్టాల కింది చెక్క స్లీపర్లు తీసి సిమెంటువి వేస్తున్నప్పుడు, పనికిరానివి అడిగి తెచ్చుకుని ముందువైపు జానెడు ఎత్తున వేదిక కట్టుకున్నారు. దాని మీద సంఘపెద్దలు, ప్రార్థన చేసే మగవాళ్లు, ఇప్పుడు ఆంప్లిఫయరు. ఆడవాళ్లు వేదిక ఎక్కరు. పాటల బృందం కింద గచ్చు మీద నిలబడే పాడుతుంది. ఎవరూ అలా రాసిపెట్టలేదు, మొదటినుంచీ అంతే. చెప్పులు మాత్రం ఆడా మగా అందరూ గుమ్మం బయటే విప్పుతారు. ఆ ఆదివారం జూన్ ఉక్కకి తాళలేక పాటలవాళ్లు గచ్చు మీద రెండు బిందెల నీళ్లు చల్లుకున్నారు.

"మైకు ఇలా ఇవ్వండి," అన్నాడు సంఘపెద్ద కూర్మారావు.

ఆయన గూడ్సు గార్డు, రిటైర్మెంటుకి దగ్గరపడ్డాడు. తాత పెట్టిన పేరుని బాప్తిస్మం తీసుకున్నాక కూడా మార్చుకోలేదు. పాస్టరుగారు జగదల్‌పూర్‌లో ఉంటారు గనక ప్రభువు బల్ల నాడు రొట్టె విరిచి పంచే అధికారం ఇక్కడ ఆయనకే ఇచ్చారు. మనిషి మంచివాడే. తాను మంచివాడినన్న సంగతి తనకు బాగా తెలియడమే ఆయనతో వచ్చిన ఇబ్బంది.

జయరావు భార్య ప్రమీలారాణి వంగి, పైటచెంగుతో మైకు పట్టుకుని పైకి అందించింది. కూర్మారావు దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు. పెదాలకి ఆనించుకున్నాడు. జయరావుకిచ్చాడు. పక్కనున్న మరో ఇద్దరు పెద్దలకిచ్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

"నలుగురం పట్టుకున్నాం," అన్నాడు ఆయన, మైకులోనే. "యంత్రానికి నీమీద పగేముంటుంది దేవుడమ్మా? హెచ్చరిక ఏ రూపంలో వస్తుందో మనకి తెలీదు. వచ్చే ఆదివారం ప్రభువు బల్ల ఉంది. ఈలోగా నిన్ను నువ్వు పరీక్ష చేసుకో. ఒప్పుకోవాల్సింది ఏదైనా ఉంటే నా దగ్గరికి వచ్చి చెప్పు. అంతవరకూ బల్ల దగ్గరికి రావద్దు."

"నానేటి ఒప్పుకోను అయ్యగారూ?"

"అది నీకే తెలియాలి."

షెడ్డులో కూర్చున్నవాళ్లందరూ ఆవిడ చేతివంక చూశారు. దేవుడమ్మ ఆ చేతిని పైట కింద దాచుకుంది. దాచుకోవడం ఇంకా పెద్ద తప్పయింది.

*

సోమవారం పొద్దున్నే జయరావు ఆంప్లిఫయరు పెట్టెని ఇంట్లో బల్ల మీద పెట్టి పరీక్షించాడు. అతనికి ఈ విద్య నేర్పింది ఒక పాత పుస్తకం. దానికి అట్ట లేదు, మొదటి ఎనిమిది పేజీలూ లేవు. ఉన్న పేజీల్లో ఒకదాని మీద కరెంటు పని చేసేవాడు పాటించాల్సిన జాగ్రత్తలు ఉన్నాయి. పొడి చెక్క మీద నిలబడాలి. రబ్బరు అడుగున్న బూట్లు తొడుక్కోవాలి. ఒక చెయ్యి జేబులో పెట్టుకోవాలి. జయరావు వీటిని తు.చ. తప్పకుండా పాటించేవాడు. చంటిపిల్లలున్న ఇల్లు, తనకేమైనా అయితే ఎవరు చూస్తారు? డ్యూటీ బూట్లు తొడుక్కుని, చెక్కపలక వేసుకుని దాని మీద నిలబడి, ఎడంచెయ్యి జేబులో పెట్టి, కుడిచేత్తో మైకు పట్టుకున్నాడు. డబ్బా మీద అరచెయ్యి వేసి వంద అంకెలు లెక్కపెట్టాడు. చీమ కుట్టినట్టయినా లేదు.

"చూశావా?" అన్నాడు భార్యతో. "అత్త కావాలనే అంది."

ప్రమీలారాణి బెండకాయలు తరుగుతోంది. తలెత్తకుండానే, "ఆ చెక్క తీసేసి ఓసారి చూడకూడదా?" అంది.

"చెక్క మీద నిలబడమనే పుస్తకంలో ఉంది. రాసినవాడికి తెలీదా?"

ఆమె మళ్లీ బెండకాయల మీదకి వంగింది. జయరావు ఆలోచనలో పడ్డాడు. మైకు రాకముందు షెడ్డంతటికీ దేవుడమ్మ గొంతే దిక్కు. ఆవిడ ఎత్తుకుంటేనే పాట లేచేది. ఇప్పుడు పన్నెండేళ్ల పిల్ల పాడినా గేటు దాకా వినిపిస్తోంది. ఆవిడకి కడుపుమంట ఉండదా? అలా అనుకుంటే అన్నీ సరిగ్గా అతుక్కున్నాయి. మధ్యాహ్నం కొండ మీద గనిలో పేలుడుకి గిన్నెలు గలగలమనేసరికి అతనికి ఆ సంగతి రుజువైపోయినట్టే అనిపించింది.

మంగళవారానికి కాలనీ కూడా తనవంతు పని చేసింది. దేవుడమ్మ భర్త గ్యాంగ్‌మన్. మూడేళ్ల కిందట సొరంగం దగ్గర ట్రాలీ కిందపడి చనిపోయాడు. ఆ ఉద్యోగానికి బదులు ఆవిడకి స్టేషన్లో నీళ్లు నింపే పని ఇచ్చారు. ప్రమాదం నాడు అతను తాగి ఉన్నాడని, ఆ సంగతి దాచి పెన్షను కాగితాల మీద వేలిముద్ర వేసిందని కుళాయి దగ్గర పుకారు మొదలైంది. సాయంత్రానికి ఎవరు చెప్పారో ఎవరికీ గుర్తులేదు, అందరికీ తెలుసు.

జయరావు డ్యూటీకి వెళ్లేసరికి ఆవిడ ప్లాట్‌ఫారం మీద కూజాలు నింపుతోంది. గని కడిగిన మట్టి కలిసి నీళ్లు ఎర్రగా వస్తాయి. పాత చీర ముక్కని నాలుగు మడతలు వేసి కూజా మూతికి కట్టి, చెంబుతో కొంచెం కొంచెంగా పోస్తోంది. ఎడంచేత్తోనే పోస్తోంది.

"నిజం సెప్పత్తా. నీకు మైకు ఇష్టం లేదు కదా?"

"నాకేటి బాబూ ఇష్టం లేకపోడానికి? ముసల్దాన్నయిపోతన్నాను, గొంతు నొప్పి తగ్గింది." చెంబు కింద పెట్టింది. "ఆ పెట్టి ముందు కూడా కరిసింది. నాలుగోరాలనుంచీ. ఓ వారం కరుత్తాది, ఓ వారం ఊరుకుంటాది. మొన్న మరీ లాగేసింది."

"మరి నాలుగోరాలనుంచి నోరెందుకు విప్పలేదు?"

"నీ పెట్టి కదా. నువ్వెంత ముచ్చటపడ్డావో సూడలేదా?"

జయరావుకి ఇది ఇంకా అనుమానంగా తోచింది. నిజంగా షాకు తగిలినవాళ్లు ఎదుటివాడి ముచ్చట చూసుకుంటూ ఊరుకుంటారా?

"అయ్యగారి దగ్గరికెళ్లి ఏదో ఒకటి ఒప్పేసుకోరాదా? గొడవ తీరిపోద్ది."

దేవుడమ్మ అతని మొహంలోకి చూసింది. "మీ మావ పోయాక నాకు ఆర్నెల్లు గొంతు రాలేదు. నోరు తెరిత్తే ఏడుపే. బల్ల కాడ రొట్టి తిన్న ఆదివారం మళ్లీ పాడేను. నాకున్నది అదొక్కటే బాబూ. లేని తప్పు ఒప్పుకుని దాన్ని తింటే గొంతు దిగుద్దా?" అని చెంబు తీసుకుంది.

*

గురువారం నీలకంఠం పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చాడు. రైల్వే కరెంటు వైర్ల మీద పనిచేసే లైన్‌మన్. బొబ్బిలివాడు. చర్చికి రాడు, శనివారాలు కొండ దగ్గరి ఆంజనేయుడికి దణ్ణం పెట్టుకుంటాడు. బిస్కెట్ డబ్బా చూసి మొదటిరోజు నవ్వినవాడు కూడా అతనే. జయరావు ఆ నవ్వు మర్చిపోలేదు.

"మీ సర్చిలో ఒకావిడికి షాకు కొట్టిందట కదా," అంటూ గుమ్మంలోనే చతికిలబడి ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు. "ఇది మూడు తీగల వైరు. ప్లగ్గుకి రెండే కలిపేవు. మూడోదేదీ, పచ్చది?"

"కోసేశాను. చర్చి గోడకి రెండే కన్నాలు."

"గీదం బజార్లో వైరు కొన్నప్పుడు మూడు తీగలెందుకున్నాయని అడగలేదా?"

"కొట్టువాడు ఇచ్చింది తెచ్చుకున్నా."

"పచ్చతీగ డబ్బాకి కట్టి భూమిలోకి దింపాలి తమ్ముడూ. లోపల ఎక్కడ వైరు తెగి డబ్బాకి తగిలినా కరెంటు అటు పోయి ఫ్యూజు ఎగురుద్ది. అది లేకపోతే డబ్బాలోనే కాసుకుని కూకుంటాది. మైకు కడ్డీ దాకా అదే. నువ్వు చెక్క మీద బూట్లేసుకుని పట్టుకుంటే దానికి దారి దొరకదు. తడినేల మీద ఉత్తికాళ్లతో ఉన్నోళ్లు దొరికితే వాళ్లలోంచి దిగుద్ది."

"నాలుగు వారాల్లో మూడుసార్లు నేనే బిగించాను. నాకేమీ..."

"ప్లగ్గు రెండు కాళ్లది. ఓసారి ఇటు పెడతావు, ఓసారి అటు పెడతావు. ఒకవైపు కరుత్తాది, ఒకవైపు కరవదు." నీలకంఠం జేబులోంచి టెస్టరు స్క్రూడ్రైవరు తీసి బల్ల మీద పెట్టాడు. "ఉత్తిచేత్తో మాత్రం చూడకు. దీనితో చూడు. వానలు వచ్చేత్తన్నాయి. వానలో ఇది కరిసి వదలదు, పట్టుకుంటాది. నాను పట్టుకున్నోళ్లని దింపేను, అందుకే సెప్తన్నాను."

అతను వెళ్లిపోయాక జయరావు టెస్టరుని ముట్టుకోలేదు. చర్చి వాళ్ల విషయం ఇతనికెందుకు? ఏటా వినాయకుడి పందిరి కమిటీలో మైకు సెట్టు అద్దెకి తెచ్చేది ఇతనే. తన డబ్బా పాడైపోయిందంటే బాగుపడేది ఎవరు? ఇలా తవ్వుకుంటూపోతే ఎవరి గుణం చూసినా ఏదో ఒకటి దొరుకుతుంది. జయరావుకి ఆ వారం అందరిలోనూ దొరికింది, ఒక్క డబ్బాలో తప్ప.

*

శుక్రవారం సాయంత్రం మొదటి వాన పడింది. రేకుల మీద దబదబా కొట్టి, కాలనీ రోడ్డంతా ఎర్రటి బురద చేసి పోయింది. బల్ల మీదకి చినుకులు పడుతున్నాయని ప్రమీలారాణి పరుగున వచ్చి సామాన్లు తీసింది. పుస్తకం తీసింది, టంకం కడ్డీ తీసింది. మైకు దగ్గరికొచ్చేసరికి ఆగి, కుడిచేతికి పైటచెంగు రెండు చుట్లు చుట్టుకుని అప్పుడు పట్టుకుంది.

జయరావు మంచం మీంచి చూస్తున్నాడు. చర్చిలో కూడా ఆమె అలాగే పట్టుకుంటుంది. ఆమే కాదు, పాటల బృందంలో అందరూ అంతే. పైటచెంగుతో మైకు పట్టుకోవడం ఆడవాళ్లకి అణకువ అనీ, వస్తువు మాసిపోకుండా చూసుకోవడం అనీ అనుకుని లోలోపల సంతోషపడ్డాడు కూడా.

"ప్లగ్గు పీకేసే ఉంది కదా," అన్నాడు.

"అలవాటైపోయింది."

"ఏమలవాటు?"

ప్రమీలారాణి మైకుని ట్రంకుపెట్టెలో పెట్టి మూత వేసింది. వెంటనే ఇటు తిరగలేదు.

"నిన్నూ కొట్టిందా?"

"రెండోవారం కొట్టింది. గురమ్మక్కకీ కొట్టింది. తర్వాత అందరం చెంగు చుట్టుకోవడం మొదలుపెట్టాం. మొన్న దేవుడమ్మత్త పాట ఊపులో చెంగు జారింది చూసుకోలేదు, అంతే."

"మరి ఆదివారం నాడు, నలుగురి ముందర... నువ్వెందుకు చెప్పలేదు?"

"చెప్తే నన్నూ బల్లకి రావద్దనేవారు. మీ ఎదురుగా. అప్పుడు మీరేమనేవారు?" ఇటు తిరిగింది. "సోమవారం చెక్క తీసి చూడమన్నాను. అంతకంటే నాకు ధైర్యం చాలలేదు. అత్త మొహం చూడలేక కుళాయి దగ్గరికి పోవడం మానేశాను. నీళ్లు రెండు రోజుల్నుంచి పక్కింటివాళ్లు తెచ్చి పోస్తున్నారు. మీరు అదీ గమనించలేదు."

అతను గమనించలేదు. రెండోవారం నుంచీ తన భార్య చేతికి గుడ్డ చుట్టుకుని తను చేసిన వస్తువుని పట్టుకుంది. అతను ఎదురుగా స్టూలు మీద కూర్చుని సౌండు పెంచాడు, తగ్గించాడు, మురిసిపోయాడు.

*

శనివారం మధ్యాహ్నం డ్యూటీ దిగి పెట్టెతో చర్చికి వెళ్లాడు. జేబులో నీలకంఠం టెస్టరు ఉంది. గురమ్మ గచ్చు కడిగి అప్పుడే వెళ్లింది, నేల ఇంకా తడిగానే ఉంది. కూర్మారావు వేదిక మీద బల్లకి తెల్లగుడ్డ పరిచి, చిన్న గ్లాసులు ఒక్కొక్కటే తుడుస్తున్నాడు.

జయరావు ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. వేదిక దిగి, గచ్చు మీద నిలబడి, టెస్టరు పిడి చివర వేలు ఆనించి మొనతో డబ్బాని తాకాడు. టెస్టరు పిడిలో చిన్న ఎర్రదీపం వెలిగింది. మైకుని తీగ పట్టుకుని గచ్చు మీదికి దించి దాని కడ్డీకి తాకించాడు. అక్కడా వెలిగింది. గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు తిప్పి పెట్టి మళ్లీ చూశాడు. వెలగలేదు. మళ్లీ మొదట్లాగే పెట్టాడు. వెలిగింది. నీలకంఠం చెప్పిన ప్రతి మాటా అలాగే జరుగుతుంటే, ఎవరిమీదైనా విసుక్కోవాలనిపించింది గానీ, విసుక్కోడానికి ఎవరూ మిగల్లేదు.

"అయ్యగారూ, తప్పు పెట్టెలోనే ఉంది. దేవుడమ్మత్తని ఏమీ అనక్కర్లేదు."

కూర్మారావు గ్లాసు పక్కన పెట్టాడు. "ఆ దీపం ఎవరిచ్చారు?"

"లైన్‌మన్ నీలకంఠం గారు."

"అదా సంగతి. మన సంఘం మాట మన సంఘంలో తేల్చుకోవాలి గానీ, బయటివాడి దీపం పట్టుకుని వచ్చి నాకు చెప్తావేంటి?"

"ఆడవాళ్లందరికీ కొట్టిందండి. మా ఇంటావిడక్కూడా."

"అందరికీనా?" కూర్మారావు నుదురు ముడిపడింది. "అయితే అందరూ పరీక్ష చేసుకోవలసిందే. నాకెందుకు కొట్టలేదు? నీకెందుకు కొట్టలేదు?"

"మనం చెక్క మీద ఉన్నామండి."

"చెక్కా?" ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. "పదేళ్లనుంచి నేను నిలబడ్డది ప్రభువు వాక్యం మీద. చెక్క మీద అంటావా?"

అంటూనే వేదిక దిగాడు. జయరావు "వద్దండీ, ఆగండి" అంటూ గోడవైపు ఉరికాడు. ప్లగ్గు మీద చెయ్యిపడే లోపలే కూర్మారావు తడిగచ్చు మీద వంగి మైకు అందుకున్నాడు. ఆయన నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది. చెయ్యి బిగుసుకుపోయింది. జయరావు ప్లగ్గు పీకేశాడు. మైకు జారిపడింది, కూర్మారావు రెండడుగులు వెనక్కి తూలి వేదిక అంచు మీద కూలబడ్డాడు.

జయరావు పరుగున వెళ్లి భుజం పట్టుకున్నాడు. "అయ్యగారూ, ఎలా ఉంది? నీళ్లు తేనా? హాస్పిటల్‌కి పోదాం పదండి."

కూర్మారావు మొహం పాలిపోయింది. కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత కుడిచేతిని మెల్లగా వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏం లేదు," అన్నాడు.

"కొట్టింది కదండీ, నేను చూశాను."

"ఏం లేదన్నాను కదా. కాలు జారింది." ఆయన కళ్లలో జయరావు ఎన్నడూ చూడని బెదురు ఉంది. "నువ్వింక వెళ్లు."

జయరావు పెట్టె పక్కకి తీసుకుపోయి మూత విప్పాడు. వైరు లోపలికి దూరేచోట మేకుతో పొడిచిన కన్నం. రేకు అంచు పళ్లు పళ్లుగా ఉంది. ఎత్తినప్పుడల్లా, దించినప్పుడల్లా ఆ అంచు వైరుని కోస్తూ వచ్చింది. పైతొడుగు తెగి, లోపల రాగితీగ వెంట్రుకవాసి మెరుస్తోంది. ఆ కన్నంలో పావలా చేసే రబ్బరు వాషరు ఉండాలి. ఆర్నెల్లు చేసిన పనిలో అది పెట్టాలని అతనికి తోచలేదు.

*

ఆదివారం వేదిక మీద పెట్టె లేదు. పాటలు ఉత్తి గొంతులతోనే సాగాయి. దేవుడమ్మ పాడలేదు. పాటల బృందంలోంచి వెళ్లి, వెనక గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. బయట వాన పడుతూనే ఉంది.

కూర్మారావు రొట్టె మీద గుడ్డ తియ్యబోతుండగా జయరావు లేచి వేదిక దిగాడు. ఆడవాళ్ల ముందు గచ్చు మీద నిలబడ్డాడు. పాయింట్లు మార్చే మనిషికి నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు.

"మైకులో కరెంటు వచ్చింది నా చేతకానితనం వల్ల. దేవుడమ్మత్త తప్పేమీ లేదు. ఆవిడ చెప్పింది నిజం. నేను ఆవిడ్ని నమ్మలేదు. ఆవిడతో తప్పుగా మాట్లాడాను కూడా. నీలకంఠం గారు భూమి తీగ వేసిచ్చి, చూసి, సరేనన్నాకే పెట్టె మళ్లీ తెస్తాను." ఆడవాళ్ల వైపు తిరిగాడు. "ఇంకా ఎవరికి కొట్టిందో వాళ్లందరూ నన్ను క్షమించండి." మళ్లీ వేదిక ఎక్కకుండా వెనక, గుమ్మం దగ్గరి మగవాళ్ల వరసలోకి వెళ్లి కూర్చున్నాడు.

ఆడవాళ్ల వరసలో గురమ్మ ముక్కు చీదింది. ప్రమీలారాణి తల దించుకుని పైటచెంగు వేలికి చుట్టుకుంటోంది. ఇప్పుడందరూ కూర్మారావు వంక చూశారు. ఆయన జయరావు మాట నిజమనలేదు, అబద్ధమనీ అనలేదు. ప్రార్థన చేసి రొట్టె విరిచాడు. విరవడానికి చాలాసేపు పట్టింది.

పళ్లెం పట్టుకుని వరసలవెంట వచ్చాడు. ఎవరి ముక్క వాళ్లే తీసుకున్నారు. మగవాళ్లయ్యాక ఆడవాళ్లు. ఆఖరి వరస కూడా అయిపోయింది. దేవుడమ్మ లేవలేదు, చెయ్యి చాపలేదు. రావద్దన్న మాట ఇంకా ఎవరూ వెనక్కి తీసుకోలేదు గదా. కూర్మారావు ఒక క్షణం మధ్యలో ఆగాడు. తర్వాత తడి కాళ్ల అడుగులు పడ్డ గచ్చు మీద నడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లి ఆవిడ ముందు నిలబడ్డాడు. పళ్లెం కుడి మోచేతి వంపులో ఇరికించుకుని ఉన్నాడు. రొట్టెముక్క ఎడంచేత్తో తీసి ఇచ్చాడు.

ఎడంచేత్తో ఎవరూ ఇవ్వరు. దేవుడమ్మ ఆ చేతిని చూసింది. వేళ్లు ముడుచుకుని పళ్లేనికి ఆనివున్న కుడిచేతిని చూసింది. రెండు చేతులూ దోసిలిపట్టి రొట్టె అందుకుంది.

"కుడిసెయ్యి లాగేత్తందా అయ్యగారూ?" అంది, ఆయనకి మాత్రమే వినపడేలా. పక్క వరసలో ఉన్న జయరావుకి కూడా వినపడింది.

కూర్మారావు పళ్లేన్ని ఎడంచేతిలోకి మార్చుకున్నాడు.

"మూడు రోజులుంటాది. ఏన్నీళ్లు పొయ్యండి," అంది దేవుడమ్మ. "నాకు బుధవారానికి తగ్గిపోనాది."